లోపలి గడియ

రెండొందల పేజీల నోటుబుక్కు.
అట్టకి పాత క్యాలెండరు కాగితం,
లోపల మూడేళ్ళ ఒంగోలు.

లాయరుపేట, పచ్చ గేటు,
తాళంచెవి మీటరు పెట్టె పైన.
భాగ్యనగర్ టీచరమ్మ,
పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఎవరూ ఉండరు.
గద్దలగుంట పెద్దాయన, ఒక్కడే,
చెవులు వినపడవు, తలుపు తోసుకుని పోవచ్చు.
అంతా నా చేతిరాతే.
పైపు సైజు పక్కన, బాకీ పక్కన,
ఎం-సీల్ మరకల కింద.

రాసేటప్పుడు ఏమీ అనిపించలా.
మూడ్రోజులకోసారి నీళ్ళొదిలే ఊళ్ళో
ఆ గంటలోనే కుళాయి ఊడిందంటే
మనిషి ఫోన్లో ఏదైనా చెప్పేస్తాడు:
ఆయన డ్యూటీ టైము,
కూతురు పురిటికొచ్చిన సంగతి.
రాసుకున్నా. అంతే.

మా అక్క కూతురు నస్రీను
బీకాం చదివి కొట్లో బిల్లులు చూస్తది.
పుస్తకం తిరగేసి
"మామూ, ఇది దొరికినోడు
కన్నం వెయ్యక్కర్లా" అంది.
కొత్త చట్టమంట.
చెప్పి తీసుకోవాలంట, చెప్పిన పనికే వాడాలంట,
పని తీరాక ఉంచుకోకూడదంట.
"పెద్ద కంపెనీలకి గదా?"
"మన రేకుల కొట్టుక్కూడా."
నవ్వా నేను.

ఆ వారమే ఆర్వో మిషన్ల కుర్రోడొచ్చాడు,
ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ట్యాగు.
"నెంబరుకి ఐదు రూపాయలు, కాలేషా భాయ్,
నీకు పోయేదేముంది?"
లెక్కేశా, అబద్ధమెందుకు.
పదకొండొందల నెంబర్లు.
కొట్టు అద్దె నెలన్నరది.
టీ తెప్పించి తాగించా.
పుస్తకాన్ని మాత్రం మోకాలితో
కింది సొరుగులోకి తోశా.

మా ఏసోబు మంచోడే, పనిమంతుడు.
షవరు బిగించి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాడు.
తళతళలాడే పైపు,
పైపు పక్కన అద్దాల అర,
అరలో మందుల అట్ట.
ఆ మందు దేనికో తెలిసినోళ్ళు
ఆ వీధిలోనే ముగ్గురు.
సాయంత్రం ఆ ఇంటావిడ ఫోను.
తిట్టలా.
"ఇంక మీరెవరూ మా ఇంటికి రావొద్దు" అంది.
దానికి ఎం-సీల్ లేదు.

ఇంకోటుంది.
దీపాలు పెట్టే వేళ బండి ఆపి
ఒకాయన ఫోన్లో ఫొటో చూపించాడు.
"ఈమె ఇంట్లో మోటారు బిగించావంట. అడ్రసు చెప్పు.
నా పెళ్ళామే."

తెలుసు నాకు.
మంగమూరు రోడ్డు, మేడ మీద గది.
మోటారు పని అయ్యాక ఆమె
గుమ్మంలో నిలబడి అడిగింది:
"నువ్వు పైపులోడివే గానీ, అన్నా,
ఈ తలుపుకి లోపల గడియ కూడా వేస్తావా?"
వేశా. రెండు వేశా.

"రోజుకి ఆరిళ్ళు తిరుగుతా సార్,
మొహాలు గుర్తుండవు, కుళాయిలే గుర్తుంటాయి."
ఆయన చూపు బల్ల మీది పుస్తకం మీదికి పోయింది.
నస్రీను దాని మీద టిఫిను క్యారేజీ పెట్టి
మూత తీసింది.
ఆకలి లేకుండా, తలెత్తకుండా,
ఆయన బండి శబ్దం కర్నూలు రోడ్డెక్కేదాకా
అన్నం తిన్నది.

ఆ రాత్రి సగం షట్టరు దించి కూర్చున్నాం.
గ్యారంటీ తీరనివి నలభై ఇళ్ళు,
పేరు, ఫోను, ఏం పని, అంతే
కొత్త పుస్తకంలోకి ఎక్కించింది.
పాతది బకెట్లో నానేశా.
మా ఉప్పునీళ్ళకి సబ్బు నురగ రాదు గానీ
ఇంకు మాత్రం తొందరగానే వదిలింది.
నీలం నీళ్ళు మోరీలో పోశా.

నిన్న లాయరుపేట నుంచి ఫోను, మళ్ళీ సింకు.
"తాళంచెవి సంగతి తెలుసుగా?"
"మర్చిపోయా సార్, చెప్పండి."
విసుక్కుంటానే చెప్పాడు.
మీటరు పెట్టె పైన.

గుర్తుంది నాకు.
బకెట్లో వెయ్యలేనిది
ఇదొక్కటే మిగిలింది, తలకాయ.
దానికి గడియ
లోపల్నుంచే వేసుకోవాల.